నెలకు ఒక రోజు వచ్చే స్పీచ్ థెరపిస్టుకు పీహెచ్‌సీలో ఏ పని అప్పగించాలి?

ప్రశ్న: నేను ఒక మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ను. వచ్చే నెల నుంచి జిల్లా ఆసుపత్రిలోని స్పీచ్ థెరపిస్టు నెలకు ఒక రోజు మా దగ్గరకు వస్తారని చెప్పారు. మాట రాని పిల్లలు మా పరిధిలో కొందరున్నారు. ఆ రోజు వాళ్లను పిలిపించి, ఒక గది ఇస్తే సరిపోతుందా? ప్రాథమిక వైద్యంలో ఆమెకు అంతకు మించి పని ఉంటుందా?

సమాధానం:

డాక్టర్ గారూ, గది ఇవ్వండి, మంచిదే. కానీ ఆమెను రోజంతా ఆ గదిలోనే కూర్చోబెట్టి బయట పిల్లలను వరుసగా నిలబెడితే, ఆరు నెలలు తిరిగేసరికి ఆ వరుస కరిగిపోతుంది. నెలకు ఒకసారి అరగంట సాధన చేయిస్తే ఏ బిడ్డకూ మాట రాదు. తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బిడ్డను చంకనేసుకుని వస్తుంది. లోపల నాలుగు బొమ్మల కార్డులు చూపించి పంపేస్తారు. రెండోసారి ఆశతో వస్తుంది, మూడోసారి రాదు. రానందుకు ఆమెను తప్పు పట్టలేం.

స్పీచ్ థెరపిస్టుగా జిల్లా కేంద్రంలోనూ ఊళ్లలోనూ చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే థెరపిస్టుకు రెండే ముఖ్యమైన పనులు. కేంద్రం గడప తొక్కని వాళ్లను వెతికి పట్టుకోవడం ఒకటి. రోజూ ఆ మనిషి పక్కన ఉండే తల్లికో, కోడలికో, అంగన్‌వాడీ టీచరుకో పని నేర్పి, అది జరుగుతోందో లేదో చూడటం రెండోది. ఆమె స్వయంగా చేసే చికిత్స ఈ రెండింటి తర్వాతే. ఈ వరస తలకిందులైతే ఆమె రావడం మీ రిజిస్టరులో ఒక సంతకంగా మిగులుతుంది.

1978లో అంతర్జాతీయ సదస్సులో చేసిన అల్మా అటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్యంలో నాలుగు పనులు చేర్చింది: ఆరోగ్యాన్ని పెంపొందించడం, జబ్బు రాకుండా చూడటం, వస్తే నయం చేయడం, పునరావాసం. మన దగ్గర మొదటి మూడూ అంతో ఇంతో ఊరిదాకా వచ్చాయి. నాలుగోది జిల్లా ఆసుపత్రి మెట్ల దగ్గరే ఆగిపోయింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలయ్యాక కొంత మార్పు వచ్చింది. సంచార బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను చూస్తుంది. లోపం కనిపిస్తే చీటీ రాసి జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే మనమంతా డీఈఐసీ అనేదానికి, పంపుతుంది. కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ ఆ చీటీకీ జిల్లా కేంద్రానికి వెళ్లే బస్సుకూ మధ్య ఎంతమంది జారిపోతారో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ దగ్గరకు వచ్చే థెరపిస్టు మొదట చూడవలసింది ఆ జారిపోయిన వాళ్లనే. ఆమె రాకముందే గత ఏడాది సంచార బృందం రాసిన చీటీలన్నీ బయటకు తీయించండి. వాటిలో ఎందరు జిల్లాకు వెళ్లారు, వెళ్లినవాళ్లు మళ్లీ ఎప్పుడు వెళ్లారు, ఎందుకు మానేశారు అన్నది ఆశా కార్యకర్తలతో రాయించండి. మొదటి రోజు పని అక్కడే దొరుకుతుంది.

ఇక్కడ బ్రెజిల్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ 2008లో కుటుంబ ఆరోగ్య బృందాలకు తోడుగా సహాయక బృందాలను ఏర్పాటు చేశారు. ఫిజియోథెరపిస్టులు, పోషకాహార నిపుణులతో పాటు స్పీచ్ థెరపిస్టులకూ వాటిలో చోటు ఇచ్చారు. విడిగా మరో ఓపీ నడపడం వాళ్ల ప్రధాన విధి కాదు. కుటుంబ ఆరోగ్య బృందంతో కూర్చుని కేసులు చర్చించడం, వాళ్లతో కలిసి ఇళ్లకు వెళ్లడం, వాళ్లకు తెలియనిది నేర్పడం వాళ్ల పని. మన ఆశా, ఏఎన్‌ఎం వ్యవస్థ ఇందుకు ఏ రకంగానూ తక్కువ కాదు.

ఇక పనుల్లోకి వద్దాం. అన్నిటికంటే ముందు వినికిడి.

పుట్టుకతో వినికిడి లోపం ఉండే పిల్లలు వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురు. ముప్పై వేల జనాభా ఉన్న కేంద్రంలో ఏడాదికి నాలుగైదు వందల కాన్పులు అనుకుంటే, రెండేళ్లకు ఒక బిడ్డయినా మీ పరిధిలో అలా పుడుతూ ఉండాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఇంకా ఎక్కువే ఉండవచ్చు. ఆ బిడ్డ మీ రిజిస్టరులో లేకపోతే లేనట్టు కాదు, ఇంకా దొరకలేదన్నమాట. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు యంత్రం పెట్టి సాధన మొదలుపెట్టడం మా రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మన ఊళ్లలో చాలామంది పిల్లలు మూడేళ్లు నిండాక, ఇంకా మాట రాలేదని వస్తారు. అప్పటికి భాష పట్టుకోవలసిన విలువైన కాలం సగం దాటిపోయి ఉంటుంది.

ఎందుకు ఆలస్యమవుతుందంటే, చెవిటి బిడ్డ కూడా మొదటి ఆరు నెలలు మామూలు బిడ్డలాగే ఉంగా ఉంగా అంటుంది. ఆ తర్వాత ఆ శబ్దాలు పెరగవలసింది పోయి తగ్గుతాయి. ఆ తగ్గడాన్ని ఎవరూ పట్టించుకోరు. అనుమానం వచ్చిన అమ్మమ్మ వెనక నుంచి పళ్లెం మోగిస్తుంది. బిడ్డ తిరిగి చూస్తుంది, ఇంట్లో అందరూ గుండె మీద చేయి వేసుకుంటారు. నిజానికి బిడ్డ తిరిగింది నేల అదిరినందుకో, గోడ మీద నీడ కదిలినందుకో, ఎదురుగా ఉన్నవాళ్లు అటు చూసినందుకో కావచ్చు. అంత పెద్ద చప్పుడు చాలా మేరకు వినికిడి పోయిన బిడ్డకు కూడా వినిపించవచ్చు. మాటలోని స, ష, త వంటి సన్నని శబ్దాలు వినిపిస్తున్నాయో లేదో పళ్లెం చెప్పదు. ఆశా కార్యకర్తలకు నేర్పవలసిన మొదటి విషయం ఇది: పళ్లెం పరీక్షను నమ్మి ఏ తల్లికీ ధైర్యం చెప్పవద్దు.

ఆశాలు ఎలాగూ ఇళ్లకు వెళుతున్నారు. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజులకు చూస్తారు. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ వెళతారు. కొత్త సర్వే పెట్టనక్కరలేదు, ఆ సందర్శనల్లోనే రెండు మూడు ప్రశ్నలు చేర్చండి. బిడ్డ ఏడుస్తుండగా తల్లి కనబడకుండా పక్క గదిలోంచి మాట్లాడితే ఊరుకుంటోందా? ఆరు నెలలకు గొంతు వినిపించిన వైపు తిరుగుతోందా? తొమ్మిది నెలలకు బబ్బ, మమ్మ, దద్ద అంటోందా? ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే పలుకుతోందా? మాతా శిశు కార్డులో ఎదుగుదల మైలురాళ్లు బొమ్మలతో సహా ఉన్నాయి. ఆ పేజీ తెరిచేవాళ్లే తక్కువ.

కొందరు పిల్లలను ఈ ప్రశ్నల కోసం కూడా ఆపకూడదు. నవజాత శిశువుల ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లు, కిలోన్నర కంటే తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, కామెర్లు ముదిరి రక్తం మార్చవలసి వచ్చినవాళ్లు, మెదడు వాపు వచ్చినవాళ్లు, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు పడినవాళ్లు, ఇంట్లో ఇప్పటికే చెవిటి బిడ్డ ఉన్నవాళ్లు నేరుగా పరీక్షకు వెళ్లాలి. శబ్దానికి లోపలి చెవి స్పందనను కొలిచే ఓఏఈ యంత్రం మీరు సంపాదించగలిగితే టీకాల రోజైన బుధవారమో శనివారమో థెరపిస్టును రప్పించుకోండి. పిల్లలు ఆ రోజు ఎలాగూ వస్తారు. అయితే టీకా వేయకముందే పరీక్ష చేయాలి, సూది పడ్డాక ఏ బిడ్డా నిద్రపోదు. ఫ్యాను చప్పుడు కూడా లేని మూల గది ఇవ్వండి. ఒక జాగ్రత్త: తీవ్రమైన కామెర్లు వచ్చిన పిల్లల్లో కొందరు ఓఏఈలో పాసవుతారు, కానీ వినికిడి నరం దగ్గర తేడా ఉంటుంది. వాళ్లకు వినికిడి నరం స్పందనను కొలిచే బెరా పరీక్ష తప్పదు. యంత్రం పాస్ అని చూపించిందని ఆ బిడ్డను ఇంటికి పంపేయకండి.

చెవిలో చీము కారే పిల్లల సంగతి మీకు తెలిసిందే. ఆ చెవుల్లో వెల్లుల్లి కాచిన నూనె పోయడం ఇంకా పోలేదు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. చీము కారే చెవిని పొడి గుడ్డ వత్తితో తుడవడం, స్నానంలో నీళ్లు పోకుండా చూడటం, మీ దగ్గరకు తీసుకురావడం చాలు. బడిలో మొద్దు అని పేరు పడిన పిల్లల్లో ఈ చెవుల వాళ్లు ఉంటారు. చివరి బెంచీ నుంచి మొదటి బెంచీకి మార్చమని టీచరుకు చెప్పేది కూడా థెరపిస్టే.

వినికిడి యంత్రం ఇచ్చాక అసలు కథ మొదలవుతుంది. శిబిరం పెడతారు, యంత్రాలు పంచుతారు, ఫొటోలు తీస్తారు. మూడు నెలల తర్వాత ఆ ఇంటికి వెళితే యంత్రం బీరువాలో, కుంకుమ భరిణె పక్కన భద్రంగా ఉంటుంది. బ్యాటరీ అయిపోయింది, ఎక్కడ దొరుకుతుందో తెలియదు. లేదా యంత్రాన్ని చెవిలో పట్టి ఉంచే చెవి అచ్చు బిగుతుగా లేదు. పసిపిల్లల చెవి త్వరగా పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకే అచ్చు వదులై యంత్రం కీచుమంటుంది. ఆ కూత భరించలేక తీసి దాచేస్తారు. ఒక మందుల షాపులో బ్యాటరీలు నిల్వ ఉండేలా చూడటం, కొత్త అచ్చుకు కొలత తీసి జిల్లాకు పంపడం చిన్న పనుల్లా కనిపిస్తాయి. కానీ వేల రూపాయల యంత్రం చెవిలో ఉండటమో బీరువాలో ఉండటమో వీటిమీదే ఆధారపడి ఉంటుంది.

కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం, ఉన్న పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. ఆరోగ్యశ్రీ కిందో, కేంద్రం ఏడిప్ పథకం కిందో ఆపరేషన్ జరుగుతుంది. ఆపరేషన్ అయితే మాట వచ్చేస్తుందనుకుని తల్లిదండ్రులు ఊరికి తిరిగి వస్తారు. రాదు. యంత్రం శబ్దం మాత్రమే ఇస్తుంది, దానికి అర్థం నేర్పడానికి ఏళ్ల సాధన కావాలి. మెలకువగా ఉన్నంతసేపూ అది తలమీద ఉండాలి. రోజూ పొద్దున తల్లి చేయవలసిన పరీక్ష ఒకటుంది. నోరు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాలను ఒక్కొక్కటే పలకాలి. విన్న ప్రతిసారీ బిడ్డ ఒక గోళీని డబ్బాలో వేయాలి. ఈ ఆరూ మాటలోని లావు శబ్దాల నుంచి సన్న శబ్దాల దాకా ఉంటాయి. నిన్నటిదాకా స్ వినిన బిడ్డ ఇవాళ వినకపోతే యంత్రంలో ఏదో తేడా వచ్చినట్టే, హైదరాబాద్‌కో విశాఖపట్నానికో ఫోను చేయవలసిందే. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. తల్లికి చదువు రానక్కరలేదు. ఆశాకు కూడా నేర్పితే ఆ ఇంటి మీదుగా వెళ్లినప్పుడు సరిచూస్తుంది.

చెవి బాగానే ఉండి మాట ఆలస్యమైన పిల్లలు వేరే గుంపు. వాళ్లతో పాటు నాలుగు నమ్మకాలు కూడా మీ గదిలోకి వస్తాయి. మగపిల్లలకు ఆలస్యమేనంటారు, వాళ్ల నాన్నకూ అయిదేళ్లకు వచ్చిందంటారు. వస కొమ్ము అరగదీసి నాకించామంటారు. నాలుక కింద తీగ కోయిస్తే వస్తుందా అని అడుగుతారు. తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడంలోనో, కొన్ని అక్షరాలు పలకడంలోనో ఇబ్బంది రావచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. వస విషయంలో వాదించి లాభం లేదని నా అనుభవం. వసతో పాటు ఈ పని కూడా చేయండి అంటే వింటారు, అది మానేయండి అంటే ముసలమ్మ ఇంటి తలుపు వేసేస్తుంది. పసికందుల నోట్లో ఏదీ పెట్టవద్దని చెప్పే బాధ్యత మాత్రం డాక్టరుగా మీరు తీసుకోండి, మీ మాటకు బరువు వేరు.

ఎప్పుడు ఆగకూడదో మీ ఏఎన్‌ఎంలకు నోటికి రావాలి. ఏడాదిన్నరకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు అమ్మ రా, పాలు కావాలి వంటి రెండేసి మాటలు కలవకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. చివరిది కనబడితే ఆ నెల థెరపిస్టు వచ్చేదాకా కూడా ఆగవద్దు.

తల్లికి ఏమి నేర్పుతాం? ఉదాహరణకు స్నానం. చాలా ఇళ్లలో బిడ్డకు స్నానం మౌనంగానో, లేదా కదలకు, ఏడవకు అనే ఆజ్ఞలతోనో అయిపోతుంది. చెంబు చేతిలోకి తీసుకుని ఆగమంటాం. బిడ్డ చెంబు వైపు చూస్తుంది. తల్లి కూడా బిడ్డ వైపే చూస్తూ మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టాలి. బిడ్డ చేయి చాచినా, ఊ అన్నా దాన్నే మాటగా తీసుకుని, నీళ్లు! నీళ్లు పోయనా? అని పోయాలి. మళ్లీ ఆగాలి. తల్లులకు కష్టమైనది మాట్లాడటం కాదు, ఆగడం. అడగకముందే అన్నీ అందించే ఇంట్లో బిడ్డకు నోరు తెరవవలసిన అవసరమే రాదు. అన్నం కలిపేటప్పుడు, కోళ్లకు గింజలు వేసేటప్పుడు, చొక్కా తొడిగేటప్పుడు ఇదే పద్ధతి. బొమ్మల కార్డులు కొననక్కరలేదు. థెరపిస్టు తల్లితో ఒకసారి చేయించి, పక్కన కూర్చుని చూసి, ఒక్క విషయం సరిదిద్ది పంపాలి. నెలకు ఒక్కటే. పది చెబితే ఒక్కటీ చేయరు.

ఫోను గురించి మీరు తప్పక అడుగుతారు. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దన్నదే భారతీయ శిశువైద్యుల సంఘం సలహా. ఫోను వల్లే ఆటిజం వచ్చిందని తల్లిని నిందించేవాళ్లను ఆపండి, అది నిజం కాదు. ఫోను తినేది ఆ బిడ్డతో ఎవరో ఒకరు మాట్లాడవలసిన సమయాన్ని. అన్నం పెట్టే వేళ ఒక్కటీ ఫోను తీసేయమని చెప్పడంతో మొదలుపెడితే సరి.

మీ మండలం ఏజెన్సీలో ఉంటే ఇంకో మాట. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, సీతంపేట వైపు ఇంట్లో గోండి, కోయ, కువి, సవర మాట్లాడే పిల్లలు, మైదానంలో తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు అంగన్‌వాడీలో తెలుగు వినగానే మూగబోతారు. మాట ఆలస్యం అని చీటీ మీద రాసేస్తారు. ఇంటి భాషలో ఆ బిడ్డ గలగలా మాట్లాడుతుండవచ్చు. ఆ భాష తెలిసిన ఆశాను పక్కన పెట్టుకోకుండా థెరపిస్టు ఆ బిడ్డను అంచనా వేయకూడదు. ఇంట్లో తెలుగే మాట్లాడండి అనే సలహా అంతకంటే పెద్ద తప్పు. తల్లి తనకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడగలదు.

ఇంతవరకు పిల్లలు. మీ ప్రశ్నలో కూడా పిల్లలే ఉన్నారు, పెద్దలు లేరు. అందరూ మరిచిపోయేది ఇదే. స్పీచ్ థెరపిస్టు చదువులో మింగడం కూడా ఒక భాగం. మాట్లాడటానికీ మింగడానికీ వాడేవి అవే పెదవులు, అదే నాలుక, అదే గొంతు.

పక్షవాతం వచ్చినవాళ్లను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు రక్తపోటు మాత్రలు, ఫిజియోథెరపీ గురించి చెబుతారు. అన్నం ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇంటికి వచ్చాక పడుకోబెట్టే నీళ్లు పోస్తారు. పెద్దాయనకు పొలమారుతుంది. ఎవరో తలచుకుంటున్నారని నెత్తిమీద తట్టి మళ్లీ పోస్తారు. నాలుగైదు రోజులకు జ్వరం, ఆయాసం. మీ దగ్గరకు న్యుమోనియాగా వస్తారు. మీరు యాంటీబయాటిక్ రాస్తారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పక్షవాతం తర్వాత మళ్లీ మళ్లీ న్యుమోనియాతో వచ్చే మనిషి మీ ఓపీలో ఉంటే, ఆయన ఎలా తింటున్నారో ఒక్కసారి అడగండి.

ఇంటికి వెళ్లిన థెరపిస్టు ముందు ఆయన భోజనం చేస్తుండగా చూస్తుంది. దగ్గు వస్తోందా, మింగిన తర్వాత గొంతు తడిగా గరగరలాడుతోందా, ఒక బుగ్గలో ముద్ద నిలిచిపోతోందా, ఒక ముద్దకు ఎంతసేపు పడుతోంది? కొందరికి దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అందుకే గొంతు మారడం, తిన్నాక ఆయాసపడటం, బరువు తగ్గడం కూడా గమనించాలి. తర్వాత కోడలి చేతో కొడుకు చేతో చేయిస్తుంది: దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టడం, బాగున్న బుగ్గ వైపు చిన్న చెంచాతో పెట్టడం, మింగాడని గొంతు కదలిక చూశాకే రెండో చెంచా, తిన్నాక అరగంట పడుకోబెట్టకపోవడం. చాలామందికి పలుచని నీళ్లే ఎక్కువ ప్రమాదం. రాగి జావ, గడ్డ పెరుగు, మెత్తగా మెదిపిన పప్పన్నం గొంతులో నెమ్మదిగా దిగుతాయి కాబట్టి కొంత మేలు. చారు పోసి కలిపిన అన్నం, నీళ్లూ మెతుకులూ విడివిడిగా ఉండే మజ్జిగన్నం వీళ్లకు మంచివి కావు. అందరికీ ఒకే చిక్కదనం సరిపోదు, ఎవరికి ఏది నప్పుతుందో చూసి చెప్పాలి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయడం మరిచిపోకూడదు. నోట్లోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది.

ఆహారం కోసం వేసిన ముక్కు గొట్టంతో ఇంటికి వచ్చినవాళ్లను వెంటనే చూడాలి. గొట్టం ఎప్పుడు తీయవచ్చో ఎవరూ చెప్పక కొందరు నెలల తరబడి దానితోనే ఉండిపోతారు. మీ పరిధిలో ఇలాంటివాళ్లు ఎంతమందో ఆశాలను అడిగితే ఒక్క రోజులో తెలుస్తుంది. నేనైతే థెరపిస్టు రోజులో మధ్యాహ్నమంతా ఈ ఇళ్లకే కేటాయిస్తాను.

పక్షవాతంతో మాట పోయినవాళ్లు ఇంకో బాధ. కుడి వైపు పడిపోయినవాళ్లలో ఇది ఎక్కువ. అన్నీ తెలుస్తుంటాయి, మాట దొరకదు. ఇంట్లోవాళ్లు మతి పోయిందనుకుని ఆయన ఎదుటే ఆస్తి పంపకాలు మాట్లాడుకుంటారు. పెద్దగా అరిచి చెబుతారు, చెవుడేమీ లేకపోయినా. చిన్న చిన్న వాక్యాలతో నెమ్మదిగా అడగడం, అవును, కాదు అనే జవాబు చేతితో చెప్పించడం, మంచినీళ్లు, మరుగుదొడ్డి, నొప్పి, ఫ్యాను వంటి బొమ్మలు అతికించిన అట్టముక్క ఒకటి మంచం పక్కన పెట్టడం మొదటి రోజే చేయవచ్చు.

గొంతు మారడం గురించి ఒక్క నియమం చాలు: మూడు వారాలు దాటిన బొంగురు గొంతును ఈఎన్‌టీ వైద్యుడు చూడాలి. చుట్ట, గుట్కా అలవాటు ఉంటే అసలు ఆలస్యం వద్దు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల అంగిలి చూడందే పంపకండి. గొంతు, నోటి క్యాన్సర్లకు ఆపరేషన్ అయినవాళ్లకు మాట, మింగడం రెండూ మళ్లీ నేర్పవలసి ఉంటుంది.

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డ మీ లేబర్ రూములో పుడితే థెరపిస్టు వచ్చే రోజు కోసం చూడకుండా ఫోను చేయండి. అంగిలి చీలిన బిడ్డ పాలు పీల్చలేదు, మొదటి వారాల్లోనే బరువు తగ్గి చిక్కిపోతుంది. తల్లి పాలు పిండి, బిడ్డను నిటారుగా పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా బుగ్గ వైపు పోయాలి. మధ్యలో రెండు మూడుసార్లు త్రేన్పు తెప్పించాలి. మన పాత ఉగ్గుగిన్నె ఇందుకు ఎంత బాగా పనికొస్తుందో! ఆపరేషన్ తర్వాత ముక్కుతో వచ్చే మాటను సరిదిద్దే పని మళ్లీ థెరపిస్టుదే. నత్తి గురించి మాత్రం టీచర్లకు ఒక మాట చెప్పించండి: మధ్యలో అందుకుని వాక్యం పూర్తిచేయవద్దు, నోట్లో గులకరాళ్లు పెట్టించవద్దు.

పని పంచుకోవడానికి ఒక హద్దు కూడా ఉంది. ఆశాలు, టీచర్లు గమనించవచ్చు, నేర్పినది చేయించవచ్చు, యంత్రం పెట్టుకున్నారా అని అడగవచ్చు. ఆటిజం అనో, బుద్ధిమాంద్యం అనో పేరు పెట్టకూడదు. ఊళ్లో ఒకసారి ఆ ముద్ర పడితే తర్వాత ఏ పరీక్షా దాన్ని చెరపలేదు. అలాగే పట్టణాల్లో వీధికొకటి వెలుస్తున్న స్పీచ్ థెరపీ కేంద్రాలకు పంపేముందు అక్కడి మనిషికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగమని తల్లిదండ్రులకు చెప్పండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల డిగ్రీ ఇది, 1992 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయకూడదు. నెలకు వేలకు వేలు కట్టి, ఏడాది తర్వాత వినికిడి పరీక్ష కూడా జరగలేదని తెలుసుకున్న కుటుంబాలను చూశాను.

సదరం సర్టిఫికెట్ కోసం మీ దగ్గరకు చాలామంది వస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో వినికిడి లోపం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నాయి. పక్షవాతంతో మాట పోయినవాళ్లు, స్వరపేటిక తీసేసినవాళ్లు కూడా మాట, భాష వైకల్యం కింద వస్తారు. ఇది చాలా కుటుంబాలకు తెలియదు, కాళ్లూ చేతులకే పింఛను అనుకుంటారు. ఏ పరీక్ష కాగితాలు పట్టుకెళ్లాలో థెరపిస్టు రాసిచ్చి పంపితే జిల్లాకు రెండు మూడుసార్లు తిరిగే బాధ తప్పుతుంది.

చివరగా లెక్కల విషయం, ఎందుకంటే పైనుంచి మిమ్మల్ని అదే అడుగుతారు. ఎందరిని చూశారు, ఎన్ని సెషన్లు అయ్యాయి అన్న అంకెలతో ఆమె పనిని కొలిస్తే ఆమె మళ్లీ ఆ గదిలోకే వెళ్లి కూర్చుంటుంది, ఎందుకంటే తలలు అక్కడే ఎక్కువ దొరుకుతాయి. మీ రిజిస్టరులో వేరే మూడు గడులు గీయించండి. వినికిడి లోపం తేలిన ప్రతి బిడ్డకు అది ఏ వయసులో తేలింది. ఇచ్చిన యంత్రాల్లో మూడు నెలల తర్వాత చెవిలో ఉన్నవి ఎన్ని. పక్షవాతంతో ఇంటికి వచ్చినవాళ్లలో మొదటి రెండు వారాల్లో ఎంతమంది భోజనం చేస్తుండగా ఎవరైనా వెళ్లి చూశారు. మొదటి ఏడాది ఈ గడుల్లో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది. అలా ఉన్నా దిద్దించకండి, అలాగే పైకి పంపండి.